క్వార్టర్ల వాడలో వరసలు

నగరం అనగానేమి అన్న ప్రశ్న నాకు వార్ధక్యంలో, అందునా కోడలి ముఖంగా ఎదురైంది. ప్రాచ్య కళాశాలలో చదువుకున్నవాణ్ణి గనుక పురవర్ణన అంటే నాకు కొంత పరిచయమున్నది. కోట ఉండవలె, అగడ్త ఉండవలె, మేడలు చంద్రమండలాన్ని ఒరుసుకొనవలె, అంగడివీధుల్లో రత్నాలు రాసులుగా పోసి ఉండవలె. బొగ్గుబావిలో ఉద్యోగం చేసే మా అబ్బాయికి గోదావరిఖనిలో ఇచ్చిన క్వార్టరులో నేను స్థిరపడిన నాటికి ఈ లక్షణాలలో రెండు మాత్రమే అక్కడ కనిపించేవి. చంద్రమండలాన్ని ఒరుసుకొనేవి రామగుండం పొగగొట్టాలు. రాసులుగా పోసి ఉండేది బొగ్గు. కాబట్టి నా దృష్టిలో అది నగరం కాదు. నగరం కావడానికి దరఖాస్తు పెట్టుకొని జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్ద ఊరు.

మా కోడలి దృష్టి వేరు. ఆమె దూరవిద్యలో సమాజశాస్త్రం ఎం.ఏ. చదివింది. పరీక్షలన్నీ గట్టెక్కి, చివరికి ఒక అధ్యయనం మిగిలింది. నగర సమాజశాస్త్రం అన్న పాఠ్యభాగం కింద, తానుంటున్న పట్టణంలోని ఏదో ఒక పేటను తీసుకొని, అక్కడి మనుషుల మధ్య సంబంధాలు ఎట్లా ఉన్నాయో పరిశీలించి వ్రాయాలి. ఆమె మా వాడనే ఎంచుకున్నది. "దూరం పోవుడెందుకు మామయ్యా? పొయ్యి మీద అన్నం పెట్టి కూడ పోయి అడిగి రావచ్చు" అన్నది. పరిశోధనా క్షేత్రాన్ని ఎంచుకొనడానికి ఇంతకంటే బలమైన హేతువును నేనెక్కడా చదవలేదు.

ఆమె వ్రాసినదాన్ని సంస్కరించే భారం నేనే నెత్తిన వేసుకున్నాను. సమాజశాస్త్ర పాఠ్యపుస్తకంలోని తెలుగు నాకు ఎంతో నచ్చింది. ప్రాథమిక సమూహం, ద్వితీయ సమూహం, నగరీకరణం, అనామకత్వం: వీటిని నాబోటివాడెవడో తీరిక సమయంలో కూర్చి ఉంటాడనిపించింది. ఆ ఉత్సాహంలో మొదటి ప్రకరణాన్ని నేను దిద్ది పంపితే, పర్యవేక్షకుడు "శైలి రమణీయంగా ఉన్నది. విషయం ఎక్కడున్నదో సూచించగలరు" అని వ్రాసి తిప్పి పంపాడు. ఆ తరువాత మా కోడలు నాకు కామాలు పెట్టే పని మాత్రమే అప్పగించింది.

ఆ పాఠ్యపుస్తకం సారాంశమేమంటే, పల్లెలో మనుషులు రక్తసంబంధంతోనూ వరసలతోనూ అల్లుకొని ఉంటారట. నగరంలో మాత్రం పక్కింటివాని పేరైనా తెలియకుండా, పని ఉన్నంత మేరకు పలకరించుకొని, ఎవరి తలుపు వారు వేసుకుంటారట. మా కోడలు ఈ సూత్రాన్ని చేతబట్టుకొని, తలుపులు వేసుకొనే మనుషుల కోసం వాడంతా వెదికింది. మా వాడలో పగటిపూట వేసిన తలుపుకు ఒక్కటే అర్థం. ఆ ఇంటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు.

ఆమె అధ్యయనం మొదలుపెట్టిన కొద్ది నాళ్లకే తెలంగాణ కోసం గనులన్నీ ఆగిపోయాయి. ఆ సమ్మె ఎంత గొప్పదో చరిత్రకారులు వ్రాస్తారు. మా వాడ మటుకు సాధించిన ఘనత ఏమంటే, మూడు షిఫ్టుల మగవాళ్లూ ఒకే వేళకు మేల్కొని ఉండడం. గోడకు గోడ ఆనుకొని ఏళ్ల తరబడి కాపురమున్న ఇద్దరు మనుషులు పట్టపగటి వెలుతురులో తీరికగా ఎదురుపడి, "నీకు గింత పొట్ట ఎప్పుడొచ్చెనే?" అని ఒకరినొకరు పరామర్శించుకొనడం నేను చెవులారా విన్నాను. పొద్దంతా దీక్షా శిబిరం, సాయంత్రం వాడ నడుమ మంచాలు. ఆడవాళ్లకు ఈ జనసాంద్రత దుర్భరమైంది. "తెలంగాణ జల్ది రావాలె పంతులూ. గీ మొగోళ్లను పొద్దుందాక ఇంట్ల భరించుడు మాతోని కాదు" అని మా పక్కింటామె నాతో మొరపెట్టుకున్నది.

మగవాళ్లు కూడా దొరకడంతో మా కోడలి పని సులువైంది. ప్రతి ఇంటికీ వెళ్లి ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ వాడలో ఎవరిని ఏమని పిలుస్తారు, ఎందుకు పిలుస్తారు? జవాబులు వచ్చినకొద్దీ పాఠ్యపుస్తకం చిక్కిపోసాగింది.

ఎక్కడెక్కడి పల్లెల నుండో వచ్చి చేరిన కుటుంబాలవి. పల్లెలో ఎవరికెవరు ఏమవుతారో పుట్టుకతోనే తేలిపోతుంది. ఇక్కడ తేల్చిపెట్టే తాతముత్తాతలు లేరు. కాబట్టి బొగ్గుబావే ఆ పెద్దరికం వహించింది. మొదటిరోజున ఒకణ్ణి వెంటబెట్టుకొని గనిలోకి దించినవాడు వానికి అన్న. ఆ అన్న భార్య వదిన. అన్న పిల్లలు తన పిల్లలు. ఇది మర్యాద కోసం పిలిచే ఉత్తుత్తి పిలుపు కాదు; మైల పట్టడం ఒక్కటి తప్ప బంధుధర్మాలన్నీ దీనికి వర్తించేవి. వాడ చివర ఇంట్లో ఫిట్టరు పని చేసే ముస్లిం పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. పెద్దలకు ఆయన భాయ్, పిల్లలందరికీ మామ. మామ ఎట్లా అయ్యారని మా కోడలు అడిగితే, "నాకేం మాలూమమ్మా? నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి చేసిపెట్టిన్రు" అన్నాడట.

మా ఎదురింటాయన, మా పక్కింటాయన ఈ పద్ధతిలో అన్నదమ్ములు. వాడంతా వారిని పెద్దన్న, చిన్నన్న అనేవారు. పక్కింటాయన పల్లె విడిచి కొత్తగా పనిలో చేరిననాడు, ఆ చీకటిలో అతని చేయి పట్టుకొని నడిపించి, కర్రతో గని పైకప్పును తట్టి, ఏ చప్పుడైతే నిలబడవచ్చునో ఏ చప్పుడైతే పరుగెత్తవలెనో నేర్పినవాడు ఎదురింటాయనే. రెండిళ్లకూ కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు, రక్తసంబంధం ఇసుమంతైనా లేదు. పెద్దన్నకు ఒక కొడుకు. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం. చిన్నన్నకు ఒక కూతురు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది.

ఆ అమ్మాయి గడపలో కూర్చొని బియ్యం ఏరుతుండగా మా కోడలు తన ప్రశ్న పట్టుకొని వెళ్లింది. మధ్య గోడ పొట్టిది కాబట్టి నేను వినలేదని చెప్పడానికి వీలు లేదు.

"ఎదురింటాయనను ఏమంటవు?"

"పెద్దబాపు."

"ఆమెను?"

"పెద్దవ్వ."

"చివరింటి భాయిని?"

"మామ."

"ఎదురింటి పిలగాణ్ణి?"

చేటలో ఏదో పెద్ద రాయి కనిపించినట్లు అమ్మాయి బాగా వంగింది. "పిలువ."

"పిలువవా? ఎదురుంగనే ఉంటడు గదా, ఏమన్న పని పడితే?"

"పని పడది."

"చిన్నప్పుడు?"

"అన్న అనేదాన్ని. తొమ్మిదో తరగతిల బంజేసిన."

ఆ సాయంత్రం మా కోడలు కూర కలుపుతూ తనలో తాను నవ్వుకున్నది. "మామయ్యా, పుస్తకంల చెప్పిన అనామకత్వం దొరికింది. వాడ మొత్తంల ఒక్క మనిషికే పిలుపు లేదు" అన్నది. దానికి తోడు మరొక విశేషం కూడా సేకరించుకొని వచ్చింది. ఆ అమ్మాయికి ఏటేటా రాఖీ పున్నమనాడు జ్వరం వస్తుందట. నాకు వైద్యగ్రంథాలలో కొద్దిపాటి ప్రవేశమున్నది. ఏడాదికొక పౌర్ణమినాడు వచ్చి, ఎదురింటికి వెళ్లిన రాఖీ పళ్లెం తిరిగి రాగానే దిగిపోయే జ్వరాన్ని వాటిలో ఏదీ పేర్కొనలేదు.

రోగనిర్ణయం త్వరలోనే జరిగింది. ఆ అమ్మాయికి కరీంనగర్ నుండి ఒక సంబంధం వచ్చింది. సద్దుల బతుకమ్మ లోపల మాట చెప్పమన్నారు. అమ్మాయి తల్లికి చెప్పింది: చేసుకుంటే ఎదురింటివాణ్ణే చేసుకుంటాను, లేకుంటే ఎవరూ వద్దు. ఎదురింట్లో అబ్బాయి కూడా ఆ మాటే చెప్పాడు. కులం అడ్డురాలేదు. జాతకాలు అడ్డురాలేదు, నేనే చూశాను. అడ్డువచ్చినది బొగ్గుబావి.

రెండిళ్లవారూ ఎదురింటి ముందు మంచాలు వేసుకొని కూర్చున్నారు. సమ్మె కాలం కాబట్టి మిగిలిన వాడంతా కూడా తమ తమ మంచాలు అటువైపే లాక్కున్నది.

"తమ్ముని బిడ్డ నాకు బిడ్డే" అన్నాడు పెద్దన్న. "బిడ్డను కోడలిగ ఎట్ల తెచ్చుకుంట? వాళ్లిద్దరు అన్నాచెల్లెండ్లు. ఇనేటోళ్లు మూతి మీద ఉమ్మరా?"

"అన్న చెప్పిందే నా మాట" అన్నాడు చిన్నన్న. "గా కరీంనగరోళ్లకే సరే అని చెప్త."

అమ్మాయి తల్లి గుడ్లనీరు కుక్కుకొని నావైపు తిరిగింది. "పంతులూ, నువ్వన్న చెప్పవయ్యా. శాస్త్రం ఏమంటది?"

ఇటువంటి ఆహ్వానం కోసమే నేను జీవితమంతా చదువుకున్నాను. గొంతు సవరించుకొని, సగోత్రమంటే ఏమో, సపిండమంటే ఏమో, ఎన్ని తరాలు చూడవలెనో సాంగోపాంగంగా వివరించాను. "శాస్త్రదృష్టిలో మీ ఇద్దరికీ ఎటువంటి సంబంధమూ లేదు. కాబట్టి ఈ వివాహానికి లేశమైనా దోషం లేదు" అని ముగించాను.

అమ్మాయికి మేలు చేశాననుకున్నాను. కానీ పెద్దన్న ముఖం కందగడ్డలా అయింది. "మాకిద్దరికి సంబంధమే లేదంటవా?"

"శాస్త్రం ప్రకారం..."

"శాస్త్రం ఎన్నడన్న బాయిలకు దిగిందా పంతులూ?"

దిగలేదని ఒప్పుకున్నాను.

"దిగితే ఎరుకయితుండె" అన్నాడు చిన్నన్న. అంతదాకా నేల చూపులు చూస్తున్న అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు భుజానికి భుజం ఆనించి నన్ను చూడసాగారు. నా వ్యాఖ్యానం వల్ల కలిగిన ఏకైక ఫలితం వారి సోదరభావం మరింత బలపడడం.

అప్పుడే మా కోడలు చాయ్ గ్లాసులు పట్టుకొని వచ్చింది. అందరికీ ఇచ్చి, ఏమీ ఎరుగనట్లు పెద్దన్న ముందు నిలబడింది.

"పెద్దన్నా, ఒక్కటడుగుత. మొన్న రాఖీ పున్నమకు మీ చేతికి ఎవరు కట్టిన్రు?"

"నా చెల్లె" అని ఆయన అమ్మాయి తల్లిని చూపించాడు. "గీమెనే. కొత్తగ కాపురానికొచ్చినప్పుడే తెలిసింది, ఈమె తల్లిగారూరు మా ఊరికి ఆనుకోనే ఉంటదని. తోడబుట్టినోళ్లు లేరంటే నేనే అన్ననైన. అప్పటిసంది ఏటా కడ్తది. గిప్పుడు గదెందుకు?"

"చెల్లె బిడ్డ మీ కొడుకుకు ఏమైతది?"

వాడలో చాయ్ పీల్చే చప్పుళ్లు ఆగిపోయాయి. చివరింటి భాయ్ మాత్రం గ్లాసు కింద పెట్టి, "మరదలు గదా! అరె, గింతసేపు గిదేనా మీ పంచాయితి?" అన్నాడు.

భార్యకూ భర్తకూ ఒకే మనిషి అన్న అయితే, ఆ భార్యాభర్తలు పరస్పరం ఏమవుతారో ఆలోచించే తీరిక అన్నేళ్లుగా ఆ వాడలో ఎవరికీ చిక్కలేదు. మగవాళ్లు బావి లెక్కన పిలిచారు. ఆడవాళ్లు ఊరి లెక్కన పిలిచారు. రెండు లెక్కలూ ఒకే గుమ్మంలోంచి రోజూ రాకపోకలు సాగించాయి, ఎన్నడూ ఒకదానికొకటి తగలలేదు. ఇప్పుడు తగిలాయి. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. మేనమామ కొడుకు! ఇంతకంటే మంచి వరస ఎక్కడ దొరుకుతుంది! పెద్దన్న భార్య అప్పుడే అమ్మాయి తల్లిని పట్టుకొని వదినా అనేసింది.

"ఆగుండ్రి" అన్నాడు చిన్నన్న. "గట్లయితే అన్న నాకేమైతడు?"

"బావ" అన్నారు నలుగురు.

"కాడు" అన్నాడతను. "నన్ను చేయి వట్టి బాయిలకు దించింది ఈయిన. మా అవ్వ కడుపుల పుట్టినోళ్లు గూడ నాకు గంత చెయ్యలే. లగ్గం కోసమని అన్నను బావను జేసుకోవాలెనా? నాతోని కాదు."

పెద్దన్న తల వంచుకొని, "వాడు చెప్పింది నిజమే. బావలు శానమంది దొరుకుతరు. తమ్ముడు నాకొక్కడే" అన్నాడు.

"మనకు బిడ్డ గూడ ఒక్కతే. గదింత యాది పెట్టుకో!" అని అమ్మాయి తల్లి మొగుడి మీద విరుచుకుపడింది.

అంతవరకు తమ ఇంటి తలుపు చాటున ఉన్న అమ్మాయి వీధి దాటి వచ్చింది. తండ్రి ముఖంలోకి చూడలేదు. ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంటూ దానితోనే మాట్లాడుతున్నట్లు అన్నది.

"బాపూ, బాయిల మీరు అన్నదమ్ములే ఉండుండ్రి. అక్కడికి మేమెవ్వరం రాముగదా. పైకి వచ్చినంక బావలు గాండ్రి. షిఫ్టు మారినట్టే."

నాకు తెలిసిన ఏ స్మృతికారుడూ, మా కోడలికి తెలిసిన ఏ సమాజశాస్త్రజ్ఞుడూ ఈ పరిష్కారాన్ని ఊహించి ఉండడు. పెద్దన్న ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నాడు.

"షిఫ్టు మారినట్టా?"

"ఆఁ, పెద్దబాపూ."

"ఇంకా పెద్దబాపు అంటవేందే? మామ అనాలె" అని ఆయన గదిమాడు. గదిమిన తరువాతగాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. వాడంతా గొల్లుమన్నది. అమ్మాయి గ్లాసుతో సహా తమ ఇంట్లోకి పరుగెత్తింది.

చిన్నన్న మాత్రం ఇంకా అక్కడే చిక్కుకొని ఉన్నాడు. "అన్నా, సమ్మె నడుస్తుంది గదా. బాయిలకు పోయేదే లేదు. అప్పటిదాక నిన్ను నేను అన్న అననే వద్దా?"

"తెలంగాణ కోసం తప్పదురా. ఓర్చుకో" అన్నాడు పెద్దన్న. నవ్వుతూనే అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకొని, ఆ తువ్వాలను తీయడానికి మాత్రం కొంతసేపు పట్టింది.

కరీంనగర్‌కు సద్దుల లోపలే వద్దని కబురు వెళ్లింది. మా కోడలి అధ్యయనం కూడా ముగిసింది. అందులో నగరం తాలూకు సూత్రాలు ఒక్కొక్కటిగా ఎట్లా తప్పాయో ఉన్నవి ఉన్నట్లు వ్రాసింది. పర్యవేక్షకుడు ఆమోదిస్తూనే, "ఈ పేటను నగరమనవచ్చునా అన్న సందేహం మిగిలే ఉన్నది" అని అంచున చేర్చాడు. కామాలు సక్రమంగా ఉన్నాయని ఒక్క మాటైనా వ్రాయలేదు.

ఆ వచ్చిన మాఘంలో లగ్గం. ముహూర్తం నేనే పెట్టాను. అయితే ఆదివారమే కావాలని, ఆ రోజు ఎవరికీ డ్యూటీ పడకూడదని నక్షత్రాలకు ముందుగానే షరతు విధించారు. పెళ్లికొడుకు ఇల్లు పందిటికి ఎదురుగానే ఉన్నది. ఎదుర్కోలు అంటే మగపెళ్లివారు ఎక్కడినుండో రావాలి కదా. అందుకని వాళ్లు బాజాలతో సహా ఆటోలెక్కి, చౌరస్తా దాకా వెళ్లి, మళ్లీ తమ ఇంటి ముందుకే విచ్చేశారు. ఎదుర్కోలులో వియ్యంకులు ఒకరినొకరు దెప్పుకొనవలె. ఇద్దరూ ఒకరిపై ఒకరు చల్లుకొనవలసిన రంగు పట్టుకొని ఎదురెదురుగా బొమ్మల్లా నిలబడ్డారు. "అనుండ్రి, అనుండ్రి" అని ఆడవాళ్లు పొడిచారు.

చివరికి పెద్దన్నే నోరు తెరిచాడు. "ఏం బావా, గంత దూరంకెళ్లి వస్తిమి, మంచినీళ్లన్న ఇయ్యవా?"

"మీ నల్లాల వస్తలేవా బావా?" అన్నాడు చిన్నన్న.

మాట తడబడకుండానే అన్నాడు. కానీ కొత్త చెప్పులు వేసుకొని నాలుగడుగులు నడిచినవానిలా వెంటనే అన్నను పట్టుకొని నిలబడిపోయాడు. ఆ బాజాల మోతలో వాళ్లిద్దరూ చెవిలో ఏమనుకున్నారో మాకు వినిపించలేదు.

ఇక మిగిలినది వాడ. ఈ ఒక్క లగ్గంతో అందరి వరసలూ కుదుళ్లతో సహా కదిలాయి. నిన్నటిదాకా ఇద్దరికీ తమ్ముడైనవాడు ఇప్పుడు ఎవరికేమిటో తెలియక తిరుగుతున్నాడు. చివరింటి భాయ్ ఒక్కడే నిశ్చింతగా ఉన్నాడు. ఎటు తిప్పినా ఆయన మామే. భోజనాల వేళ, ఈ సోదరులిద్దరితోనూ పనిచేసిన, గని పైకప్పుకు దుంగలు ఆనించే టింబర్‌మన్ ఒకాయన మా కోడలిని ఆపాడు. ఈ లెక్కల్లో ఆమె మాటే చెల్లుతుందని వాడలో ఒక నమ్మకం ఏర్పడింది.

"అమ్మా, పెద్దన్న నాకు అన్న. చిన్నన్న గూడ నాకు అన్ననే. గిప్పుడు నేను పిల్ల దిక్కు కూసోవాలెనా, పిలగాని దిక్కు కూసోవాలెనా?"

"మీ ఇష్టం అన్నా. రెండు దిక్కుల విస్తర్లు వేసిన్రు."

ఆయన తల ఎత్తి రెండు పంక్తులనూ శ్రద్ధగా పరిశీలించాడు.

"మటన్ ముందుగాల ఏ దిక్కు వస్తుంది?"

"పిలగాని దిక్కు."

"గట్లయితే నేను పెద్దన్న తమ్మున్నే" అని ఆయన వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు.